నాలుగు మార్కుల ప్రశ్న

‘పొటాషియం డైక్రోమేట్ ఉపయోగాలను పేర్కొనుము.’ నాలుగు మార్కులు.

డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినన్నాళ్లూ, అంటే ముప్పై ఏళ్లకు పైనే, ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులు దిద్దాను. తోళ్ల శుద్ధిలో వాడతారు, క్రోమ్ పూతలో వాడతారు, రంగుల పరిశ్రమలో వాడతారు, ప్రయోగశాలలో ఆక్సీకరణిగా వాడతారు. ఈ నాలుగు ముక్కలు వరసగా రాసిన ప్రతి ఒక్కరికీ నాలుగు మార్కులూ వేశాను. అయిదో ముక్క ఎవరూ రాయలేదు. ఎలా రాస్తారు? వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సిన మనిషిని నేను. పుస్తకంలో లేదని నేను చెప్పలేదు. పరీక్షకు రాదని పుస్తకంలో వేయలేదు. ఎవరూ చెప్పరని పరీక్షలో అడగలేదు. ఈ గానుగ చుట్టూ తిరిగి తిరిగి ఎన్నో బ్యాచ్‌లు బయటికి వెళ్లిపోయాయి. వాళ్లలో కొందరు తోళ్ల కంపెనీల్లో కెమిస్టులయ్యారు. కొందరు నాలాగే పంతుళ్లయ్యారు.

ఆ అయిదో ముక్క ఏమిటో ఇప్పుడు రాస్తున్నాను. కడుపు మండి రాస్తున్నాను.

మొదట నా కళ్లెదుట జరిగింది చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన తొలి కాలేజీలో గాజు సామాను కడగడానికి క్రోమిక్ ఆమ్లం వాడేవాళ్లం. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో డైక్రోమేట్ కలిపితే చిక్కటి ముదురు ఎరుపు ద్రవం తయారవుతుంది. బ్యూరెట్లకు పట్టిన జిడ్డు దానితోనే వదిలేది. ఆ తొట్టిలో చెయ్యి పెట్టేది మాత్రం లెక్చరర్లు కాదు, అటెండర్. నాకంటే పదేళ్లు పెద్దవాడు. అతని వేలి కణుపుల మీద చిన్న చిన్న గుండ్రటి గుంటలుండేవి, మేకు దిగ్గొట్టి తీసినట్టు. అంచులు గట్టిపడి, లోపల గుల్లగా ఉండేవి. పెద్దగా నొప్పి ఉండదనేవాడు. ఒకరోజు అడిగాను, చేతికి ఏమయిందని. ‘మందు తగిలిండాది సార్, అదే మానిపోతాది’ అన్నాడు. నేను సరేనన్నాను. స్టోర్‌రూమ్‌లో రబ్బరు తొడుగులు లేవు. కావాలని ఇండెంటు రాసినవాళ్లూ లేరు, నాతో సహా. దాన్ని క్రోమ్ పుండు అంటారని నేను తర్వాత ఎన్నో ఏళ్లకు చదివాను.

వైద్యులు దాన్ని ఎప్పుడు గుర్తించారో తెలుసా? 1827లో. గ్లాస్గోలో విలియం క్యూమిన్ అనే వైద్యుడు, బైక్రోమేట్ తాకిన అద్దకం పనివాళ్ల చేతుల మీద పుండ్లు పడుతున్నాయని ఆ ఏడాది వైద్య పత్రికలో రాశాడు. చిత్రమేమిటంటే అదే వ్యాసంలో మన జిల్లేడు మందు గుణాల గురించి కూడా రాశాడు. జిల్లేడు కబురు ఇక్కణ్ణించి అక్కడికి అంత తొందరగా చేరింది. క్రోమ్ పుండు కబురు అక్కణ్ణించి మా కాలేజీ స్టోర్‌రూమ్‌కు నూట యాభై ఏళ్లకు కూడా చేరలేదు.

ఈ ఉప్పు సంగతి తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. 1797లో ఫ్రెంచి రసాయనవేత్త వోక్లాఁ సైబీరియా నుంచి వచ్చిన ఒక ఎర్రటి ఖనిజంలో కొత్త లోహాన్ని కనిపెట్టాడు. దాని లవణాలు అన్ని రంగుల్లో ఉంటాయి కాబట్టి గ్రీకు భాషలో రంగు అనే మాట మీదుగా క్రోమియం అని పేరు వచ్చింది. కెంపులో ఎరుపు, మరకతంలో పచ్చదనం ఈ లోహం పుణ్యమే. దాని లవణాలు ముఖ్యంగా రెండు రకాలు. మూడు వేలెన్సీది ఆకుపచ్చగానో నీలంగానో ఉంటుంది. సామాన్యంగా నీళ్లలో కరిగి దూరం పోదు, ఒంటికి చేసే కీడు తక్కువ. ఆరు వేలెన్సీది పసుపు, నారింజ రంగుల్లో ఉంటుంది. నీళ్లలో కరుగుతుంది, ఎంత దూరమైనా పోతుంది. క్రోమేట్లు, డైక్రోమేట్లు ఈ రెండో రకం.

క్రోమేట్ అయాను రూపంలో సల్ఫేట్ అయానులా ఉంటుంది. సల్ఫేట్ మన ఒంటికి కావాల్సింది కాబట్టి దాన్ని లోపలికి తీసుకునే దారులు కణానికి ఉన్నాయి. ఆ దారుల్లోనే క్రోమేట్ కూడా లోపలికి పోతుంది. లోపలికి పోయాక అది మారే క్రమంలో డీఎన్ఏ దెబ్బతింటుంది. ఆరు వేలెన్సీ క్రోమియం మనుషుల్లో కాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1990 నాటికే మొదటి వర్గంలో చేర్చింది. అంటే అనుమానం లేదని అర్థం. స్కాట్లండ్‌లో క్రోమ్ రంగుల పనివాడికి ముక్కులో కాన్సర్ వచ్చినట్టు వైద్యులు రాసింది అంతకు నూరేళ్ల ముందు, 1890లో.

గ్లాస్గో పక్కనే రదర్‌గ్లెన్‌లో షాఫీల్డ్ అనే చోట వైట్ కుటుంబం వాళ్ల క్రోమేట్ కర్మాగారం ఉండేది. అక్కడ పనిచేసినవాళ్లకు ముక్కు దూలంలో రంధ్రాలు పడేవి. 1899లో కార్మిక నాయకుడు కీర్ హార్డీ ఆ కర్మాగారం లోపలి బతుకులను కరపత్రాలుగా అచ్చువేసి ఊరంతా పంచాడు. యజమాని లార్డ్ ఓవర్టన్ దానధర్మాలకూ దైవభక్తికీ పేరుపడ్డవాడు. 1967లో ఆ కర్మాగారం మూతపడింది. కానీ అది ఊరి చుట్టూ గుంటల్లో పోసిన మడ్డి మిగిలే ఉంది. మూసేసి యాభై ఏళ్లు దాటాక కూడా అక్కడి పోల్మడీ వాగు చూసినవాళ్లు బెదిరిపోయేంత పచ్చగా పారింది.

ఇదంతా తెలిసిన లోకంలో, షాఫీల్డ్ మూతపడ్డ పదేళ్ల లోపే, 1970ల మధ్యలో, చిత్తూరు నుంచి బస్సెక్కితే రెండు గంటల్లోపే చేరుకునే రాణిపేటలో తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ మొదలైంది.

అక్కడ జరిగింది ఇదీ. ఒడిశాలోని సుకింద లోయ నుంచి క్రోమైట్ ఖనిజం వస్తుంది. మన దేశంలోని క్రోమైట్ దాదాపు అంతా ఒడిశాదే. దాన్ని పొడిచేసి, సోడా కలిపి, తిరిగే కొలిమిలో వెయ్యి డిగ్రీల పైన కాలుస్తారు. కొలిమిలోకి వెళ్లేటప్పుడు మూడు వేలెన్సీగా ఉన్న క్రోమియం బయటికి వచ్చేటప్పటికి ఆరు వేలెన్సీ అవుతుంది. నీళ్లు పోసి పిండితే పసుపు రంగు సోడియం క్రోమేట్ దిగుతుంది. దానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం తగిలితే నారింజ రంగు డైక్రోమేట్. దాన్ని మళ్లీ బెల్లపు మడ్డి లాంటి క్షయకరణితో మూడు వేలెన్సీకి దించితే తోళ్ల కంపెనీలకు కావాల్సిన ఆకుపచ్చ పొడి, బేసిక్ క్రోమియం సల్ఫేట్, తయారవుతుంది. అంతా అయ్యాక మిగిలే మడ్డిలో ఇంకా కరిగే క్రోమేట్ ఉంటుంది. వానపడ్డ ప్రతిసారీ కాస్త కాస్త కారుతూ ఉంటుంది, దశాబ్దాల తరబడి.

ఆ కంపెనీ 1990ల మధ్యలో మూతపడింది. ఆవరణలో లక్షన్నర టన్నులకు పైగా మడ్డిని గుట్టగా వదిలేసి వెళ్లింది. పది టన్నుల లారీలకు ఎత్తితే పదిహేను వేల లారీలు. మీద కప్పు లేదు, కింద పరుపు లేదు. కాస్త దూరంలో పాలారు. 2006లో బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా సంస్థ ప్రపంచంలో అతి ఎక్కువ కలుషితమైన పది చోట్ల జాబితా వేస్తే, చెర్నోబిల్ ఉన్న ఆ జాబితాలోనే రాణిపేట కూడా ఉంది. ఆ మరుసటి ఏడాది జాబితాలో సుకింద చేరింది. తవ్విన చోటు ఒకటి, వాడిన చోటు ఒకటి. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు రాణిపేట బావుల నీళ్లు పరీక్షించి, భూమి లోపల క్రోమియం ఎటు పాకుతోందో లెక్కకట్టి పత్రాలు ప్రచురించారు. అంటే తెలియక కాదు. అందరికీ తెలుసు. తెలిసి, ఆ గుట్టను అక్కడే ఉంచారు. ఈ దశాబ్దం మొదలయ్యేనాటికి కూడా అది అక్కడే ఉంది. మధ్యలో ఎన్ని నివేదికలు, ఎన్ని కమిటీలు, ఎన్ని ప్రతిపాదనలు!

మా బంధువు ఒకాయనకు వెల్లూరులో వైద్యం జరుగుతున్న రోజుల్లో నేను ఒకసారి రాణిపేట వెళ్లాను. ముందు రోజు వాన పడింది. గోడ పక్కన కాలవలో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ రంగు చూసి నా కాళ్లు ఆగిపోయాయి. ఆ పసుపు నాకు తెలుసు. ప్రతి ఏడాదీ కొత్తగా చేరిన పిల్లలకు నేను చేసి చూపించే మొదటి ప్రయోగం అదే. గాజు నళికలో నారింజ రంగు డైక్రోమేట్ పోసి క్షారం చుక్కలు వేస్తే నిమ్మపండు పసుపు అవుతుంది, ఆమ్లం వేస్తే మళ్లీ నారింజ అవుతుంది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. గుట్టలో సోడా, సున్నం ఉన్నాయి కాబట్టి కాలవలో ఉన్నది పసుపే. నా చేతిలోని నళిక ఇక్కడ వీధి పొడుగునా పారుతోంది.

వంగి చూడబోతుంటే, మేకలు తోలుకుపోతున్న ఒక ముసలావిడ తెలుగులోనే కేకేసింది. ‘ఆ నీళ్లల్లో కాలు పెట్టద్దు సామీ, పుండ్లు పడ్తాయి’ అంది. ఆ జిల్లాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆవిడ ఏ కాలేజీకీ వెళ్లలేదు. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పకుండా వదిలేసింది నడిరోడ్డు మీద నిలబడి ఒక్క వాక్యంలో చెప్పింది.

తాగే నీళ్లలో క్రోమియం ఎంత ఉండవచ్చో మన బీఐఎస్ ప్రమాణం చెబుతుంది. లీటరుకు 0.05 మిల్లీగ్రాములు. అంటే ఒక్క గ్రాము క్రోమియం 20,000 లీటర్లను ఆ గీత దాకా తీసుకొస్తుంది. మన ల్యాబు సీసాలోంచి ఒక చెంచా, అయిదు గ్రాముల డైక్రోమేట్ తీస్తే అందులో గ్రామున్నర పైనే క్రోమియం ఉంటుంది. ముప్పై వేల లీటర్లకు పైగా నీటికి అది చాలు. ఒక చెంచాకు ఇంత ఉంటే లక్షన్నర టన్నుల గుట్టలో మిగిలినది ఎన్ని బావుల వరకు పోతుంది? ఈ లెక్క మన ప్రశ్నపత్రంలో ఎందుకు రాదు? గుణకారం, భాగాహారం తప్ప ఇందులో ఇంకేం లేదు కదా.

తోళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ ఆకుపచ్చ పొడి వెళ్లేది అక్కడికే. ఒకప్పుడు మన లందల్లో తోలును తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయల రసంలో నానబెట్టేవాళ్లు. వారాలు పట్టేది. ఆ పని చేసిన మనుషులను ఊరు వెలివేసింది. వాళ్లు చేసిన చెప్పులు తొడుక్కుంది, వాళ్లు కుట్టిన బొక్కెనతో నీళ్లు తోడుకుంది, వాళ్లను మాత్రం దూరంగా ఉంచింది. క్రోమియం వచ్చాక వారాల పని ఒక్కరోజుకు తగ్గింది. క్రోమియం అయాన్లు తోలులోని కొల్లాజెన్ పోగులను ఒకదానికొకటి ముడివేస్తాయి. అలా తయారైన తోలు మరిగే నీళ్లలో వేసినా ముడుచుకోదు. నీలిరంగు తేలి డ్రమ్ములోంచి బయటికి వచ్చే ఆ తోలును వెట్ బ్లూ అంటారు. గొప్ప రసాయనశాస్త్రమే, కాదనను. కానీ డ్రమ్ములో పోసిన క్రోమియంలో దాదాపు మూడోవంతు, మామూలు పద్ధతిలో అంతకన్నా ఎక్కువే, తోలుకు పట్టకుండా నీళ్లతో బయటికి వస్తుంది. ఆ నీళ్లు ఎక్కడికి పోవాలన్నది కంపెనీ గేటు బయటి ప్రశ్న అయిపోయింది.

మనవాడు, తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు, మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉండి దానికి ప్రపంచంలో పేరు తెచ్చారు. వెలివాడ పనిగా చూసిన తోలు పనిని విజ్ఞానశాస్త్రం చేసినవాళ్లలో ఆయన ముందుంటారు. డ్రమ్ము నీళ్లలోకి మెగ్నీషియం ఆక్సైడ్ వేసి క్రోమియాన్ని అడుక్కు దించి, ఆమ్లంలో కరిగించి మళ్లీ వాడుకునే పద్ధతి ఉంది. నీళ్లు లేకుండా క్రోమ్ పట్టించే పద్ధతిని ఆ సంస్థే తయారుచేసింది. చేయలేక వదిలేశామని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ దేశంలో చేయడం తెలిసినవాళ్లు ఎప్పుడూ ఉన్నారు.

పాలారు మనది కూడా. కర్ణాటకలో పుట్టి, కుప్పం ప్రాంతంలో 33 కిలోమీటర్లు మన నేల మీద నడిచి, తమిళనాడులోకి దిగుతుంది. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటల తోళ్ల కంపెనీల మురికి ఈ నదిలో కలుస్తోందని వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశపు చట్టంలో భాగమని ఆ తీర్పులోనే గట్టిగా చెప్పారు. లా కాలేజీల్లో ఇప్పటికీ పాఠంగా చెబుతారు. కిలో తోలుకు 35 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయనీ, ఆ ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పాడయిందనీ అందులో రాసి ఉంది.

ఆ తీర్పు వచ్చిన 28 ఏళ్ల తర్వాత, 2025 జనవరి 30న, అదే పాలారు గురించి, అదే మురికి గురించి అదే సుప్రీంకోర్టు మళ్లీ తీర్పు చెప్పాల్సి వచ్చింది. బాధితులకు పరిహారం ఇవ్వండి, పాడుచేసినవాళ్ల దగ్గర వసూలు చేయండి అని మళ్లీ చెప్పింది. మొదటి తీర్పునాడు పుట్టిన పిల్లకు రెండో తీర్పునాటికి పెళ్లయి పిల్లలు కూడా ఉంటారు. ఆ పిల్లలు తాగుతున్నది ఏ నీళ్లు?

ఈ రెండు తీర్పుల మధ్య ఒక రాత్రి ఉంది. 2015 జనవరి 31. రాణిపేట పారిశ్రామికవాడలో తోళ్ల కంపెనీల మురుగును శుద్ధి చేసే ప్లాంటులో బురద నిలవచేసిన తొట్టి గోడ కూలింది. ఆ బురద పక్కనున్న తోళ్ల కంపెనీలోకి విరుచుకుపడింది. అక్కడ నిద్రపోతున్న 10 మంది కార్మికులు దాని కింద చనిపోయారు. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి పొట్టకోసం వచ్చినవాళ్లు. పని చేసిన చోటే పడుకుని, ఆ పని మిగిల్చిన బురదలోనే ఊపిరాడక పోయారు.

సరిగ్గా మూడు నెలలకు, 2015 మే 1 నుంచి, యూరప్‌లో ఒక నిబంధన అమలులోకి వచ్చింది. ఒంటికి తగిలే తోలు వస్తువులో ఆరు వేలెన్సీ క్రోమియం కిలోకు 3 మిల్లీగ్రాములు మించితే అమ్మకూడదు. మంచి నిబంధన. అక్కడి పిల్లవాడి పాదం మీద దద్దుర్లు రాకూడదని చేశారు. మన ఎగుమతిదార్లు తు.చ. తప్పకుండా పాటిస్తారు, ప్రతి సరుకుకూ పరీక్ష చేయించి ధ్రువపత్రం జతచేస్తారు. కిలోకు 3 మిల్లీగ్రాములు కొలిచి చూసే యంత్రాలు, మనుషులు, డబ్బు అన్నీ మన దగ్గర ఉన్నాయన్నమాట! బూటు మీద పెట్టిన శ్రద్ధ బావి మీద పెట్టలేదు. ఆ ముసలావిడ కాలుకు ధ్రువపత్రం అడిగే కొనుగోలుదారుడు లేడు.

కాలిఫోర్నియాలో హింక్లీ అనే చిన్న ఊరు ఉంది. గ్యాస్ పంపే స్టేషను శీతలీకరణ గోపురాల్లో తుప్పు పట్టకుండా 1952 నుంచి 1966 దాకా ఆరు వేలెన్సీ క్రోమియం వాడి, ఆ నీళ్లను గుంటల్లోకి వదిలారు. అది ఊరి బావుల్లో దిగింది. 1996లో కంపెనీ 33 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లించింది. దాని మీద ‘ఎరిన్ బ్రోకోవిచ్’ సినిమా వచ్చింది. మా అబ్బాయి ఆ సినిమా చూసి ఫోను చేసి నన్ను అడిగాడు, మీరు చెప్పే పాఠం ఇదేనా నాన్నా అని. తెలుగు పిల్లలకు హింక్లీ తెలుసు. మన పక్క జిల్లాలో ఉన్న రాణిపేట తెలియదు. అక్కడ కంపెనీ డబ్బు చెల్లించిన ఏడు, మన సుప్రీంకోర్టు మొదటి తీర్పు వచ్చిన ఏడు ఒకటే.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా దహించే సంగతికి వస్తాను.

ఆరు వేలెన్సీ క్రోమియాన్ని మూడుకు దించడం ఎలాగో తెలియనిది ఎవరికి? బీఎస్సీ చదివిన ప్రతి పిల్లా చేతులారా చేసిన పని అది. పింగాణీ పలక మీద శంకువు కుప్పె, అందులో ఫెర్రస్ లవణం ద్రావణం, ఫాస్ఫారిక్ ఆమ్లం, రెండు చుక్కల డైఫినైలమిన్. పైన బ్యూరెట్‌లో డైక్రోమేట్. ఒక్కో చుక్కా వదులుతూ పోతే ద్రావణం ఆకుపచ్చగా మారుతూ మారుతూ ఒక్క చుక్కకు నీలి ఊదా రంగు తిరుగుతుంది. ఒక డైక్రోమేట్‌కు ఆరు ఫెర్రస్ అయాన్లు. అంశమాపనం అయిపోయింది, రికార్డులో రాసుకుని సంతకం పెట్టించుకోండి. ఆ కుప్పెలో జరిగింది ఏమిటి? విషం తగ్గిన క్రోమియంగా మారడం. మారింది దేనితో? ఫెర్రస్ సల్ఫేట్‌తో. దాన్నే మన రైతులు అన్నభేది అంటారు. వేరుశనగ ఆకులు ఇనుము లోపంతో పాలిపోతే నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తారు. ఎరువుల అంగట్లో సంచులుగా దొరుకుతుంది.

గాజు కుప్పెలో అయినంత తేలిగ్గా గుట్టలో కాదని నాకు తెలుసు. సున్నం పట్టిన మడ్డి గడ్డల లోపలి నుంచి క్రోమేట్ మెల్లగా ఊరుతూ ఉంటుంది. గుట్టను తవ్వాలి, నూరాలి, తడిపి కలపాలి, మళ్లీ మళ్లీ పరీక్షించాలి, చివరికి అడుగున పరుపు పరిచిన గోతిలో పూడ్చి కప్పాలి. భూమి లోపల దిగిన నీళ్లను తోడి శుద్ధి చేయాలి. కోట్లు అవుతాయి, ఏళ్లు పడతాయి. కానీ పాతికేళ్లు పడుతుందా మొదలుపెట్టడానికి? జబ్బేమిటో తెలుసు. మందు తెలుసు. మందు పేరు తెలుగులో కూడా ఉంది. రోగి మంచం మీద ఉన్నాడు. డాక్టర్లు ఎవరు ఫీజు ఇస్తారని గదిలో కూర్చుని పాతికేళ్లుగా మాట్లాడుకుంటున్నారు.

పట్టించుకుంటే ఎంత త్వరగా పని అవుతుందో చూపించడానికి మన పక్క దేశం ఉంది. లెడ్ క్రోమేట్ అని ఇంకో క్రోమియం లవణం, మంచి పసుపు రంగు. పెయింట్లలో వేస్తారు. పాలిపోయిన పసుపు కొమ్ములు మెరవడానికి బంగ్లాదేశ్‌లో వ్యాపారులు దాన్ని పూసేవాళ్లు. సీసం, క్రోమియం రెండూ వంటలోకి పోయేవి. 2019లో పరిశోధకులు దాన్ని బయటపెట్టారు. ఆహార భద్రతా సంస్థ ఢాకా టోకు బజారు మీదికి చేతి యంత్రాలతో వెళ్లి అక్కడికక్కడ పరీక్షించి జరిమానాలు వేసింది. ఊరూరా ప్రచారం చేసింది. బజారు పసుపు నమూనాల్లో 2019లో 47 శాతంలో సీసం దొరికితే, 2021కి ఒక్కదాంట్లో కూడా దొరకలేదు. రెండేళ్లు. నిజామాబాద్, దుగ్గిరాల పసుపు గురించి గర్వపడే మనం ఈ రెండేళ్ల లెక్కను తెలుసుకోవాలి.

మన కాలేజీల సంగతి కూడా దాచను. మురుగునీరు ఎంత చెడిందో కొలిచే సీఓడీ పరీక్షలో వాడేదీ డైక్రోమేటే. కాలుష్యం కొలిచే ల్యాబుల్లో ఆ పరీక్ష రోజూ జరుగుతుంది. ప్రతి నమూనాకూ డైక్రోమేట్, పాదరసం, వెండి లవణాలు. మన డిగ్రీ ల్యాబులో ముప్పై మంది పిల్లలు ఒక మధ్యాహ్నం అంశమాపనం చేస్తే మూడు గ్రాముల దాకా క్రోమియం ఖర్చవుతుంది. పై లెక్క ప్రకారం అరవై వేల లీటర్లు. సాయంత్రం అయిదింటికి బ్యూరెట్లలో మిగిలింది, కుప్పెల్లో ఉన్నది అంతా సింకులో ఒంపి కుళాయి తిప్పేవాళ్లం. ఆ గొట్టం ఎక్కడ తేలుతుందో నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా వెనకాలే వెళ్లి చూడలేదు.

అందుకే ఇప్పుడు కెమిస్ట్రీ చెబుతున్న తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ అడుగుతున్నాను. సింకు పక్కన ఒక పెద్ద ప్లాస్టిక్ జాడీ పెట్టండి. డైక్రోమేట్ ఉన్నది ఏదైనా అందులోనే పోయించండి. వారానికొకసారి ఆమ్లం, అన్నభేది వేసి కలిపితే నారింజ రంగు పోతుంది. తర్వాత సున్నం వేస్తే ఆకుపచ్చ మడ్డి అడుక్కు దిగుతుంది. దాన్ని ఆరబెట్టి, చీటీ అంటించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకుపోయేవాళ్లకు ఇవ్వమని ప్రిన్సిపాల్‌కు కాగితం పెట్టండి. జవాబు రాకపోతే మళ్లీ పెట్టండి. అటెండర్‌కు తొడుగులు కొనేదాకా క్రోమిక్ ఆమ్లం తొట్టికి మూత వేయండి. సబ్బు పొడి, వేడినీళ్లు చాలు బ్యూరెట్లకు. మీ క్లాసు పిల్లలను ఏడాదికి ఒకసారి రాణిపేట తీసుకువెళ్లండి. పసుపు కాలవ దూరం నుంచి చూపించండి. ఈ రంగు ఏ అయానుది, ఎందుకు నారింజగా లేదు, దీనికి ఏం వేయాలి, ఎవరు వేయాలి అని అక్కడే నిలబెట్టి అడగండి.

మార్చిలో పేపర్లు దిద్దేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అయిదో ముక్క లేని జవాబుకు నాలుగు మార్కులూ వేయకండి.